ఎలక్ట్రిక్ గిటారు చరిత్రయు, మన సంఘ సంగీతమును

శతవార్షికోత్సవ సమయమున సంఘ చరిత్రను తిరిగి చూచుకొనునప్పుడు మనము కట్టబడిన దేవాలయములను, బడులను, ఆసుపత్రులను, ప్రయాసపడిన దైవజనులను జ్ఞాపకము చేసికొందుము. అది యుక్తమే. అయితే ఈ కాలమంతయు సంఘము పాడుచునే వచ్చినది. ఆ పాటకు తోడు నడచిన వాద్యముల చరిత్రను మాత్రము మనము అంతగా తలంపము. నేడు అనేక సంఘములలో పెద్దలకును యౌవనస్థులకును మధ్య మాటలు పెరుగుటకు కారణమగుచున్న ఎలక్ట్రిక్ గిటారును గూర్చి తీర్పు తీర్చుటకు ముందు, దాని చరిత్రను తెలిసికొనుట మేలని తలంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

బాలానగర్ వంటి చోట ఈ ప్రశ్న మరింత సూటిగా ఎదురగును. 1960ల దశాబ్దములో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారము, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారము ఇచ్చట వెలసినవి. 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ స్థాపింపబడినది. వాటి చుట్టును చిన్న చిన్న వర్క్‌షాపులు ఎన్నో పుట్టినవి. పని వెదకికొనుచు పల్లెల నుండి వచ్చిన విశ్వాసులు బైబిలుతో పాటు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తమ పెట్టెలలో తెచ్చుకొనిరి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట వారి బిడ్డలును మనుమలును మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలలో ఉద్యోగములకు వెళ్లసాగిరి. నేడు తాతయు మనుమడును ఒకే బల్లపై కూర్చుండి ఆరాధించుచున్నారు. తాతకు హార్మోనియం, తబలా వినబడినగాని ఆరాధన జరిగినట్లుండదు. మనుమనికి గిటారు లేనిదే పాటకు ప్రాణము వచ్చినట్లుండదు. "ఇది సినిమా వాద్యము, లోకపు వాద్యము" అని తాత అనును. "ఆ కీర్తనలు ఈ కాలమునకు కావు" అని మనుమడు అనును. ఇరువురి మాటలోను పొరపాటు గలదని చరిత్ర చెప్పుచున్నది.

మొదట తాతగారి మాటను విచారింతము. 150వ కీర్తనలో దేవుని స్తుతించుటకు పేర్కొనబడిన వాద్యములలో బూర మొదలు తాళముల వరకు అన్నియు కలవు. వాటిలో ఏదియు దేవాలయము కొరకే పుట్టినది కాదు. పాశ్చాత్య సంఘములలో మిక్కిలి పవిత్రముగా ఎంచబడు పైపు ఆర్గన్ సంగతి చూడుడు. క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియాలో క్టేసిబియస్ అను యంత్రజ్ఞుడు నీటి ఒత్తిడితో పలుకు ఆర్గన్‌ను నిర్మించెను. రోమా సామ్రాజ్యమున అది క్రీడాశాలలలో, జనుల వినోదము కొరకు మ్రోగినది. అటువంటి వాద్యము శతాబ్దములు గడచిన పిమ్మట దేవాలయములలో చేరి, ఆరాధనకు గుర్తుగా మారినది.

మన హార్మోనియం కూడ పరదేశియే. ప్యారిస్ నగరములో అలెగ్జాండర్ డెబైన్ 1840ల దశాబ్దములో దానికి పేటెంటు పొందెను. కాళ్లతో త్రొక్కు ఆ పెట్టెను, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఊదుచు వాయించుకొనునట్లు కలకత్తాలో చిన్నదిగా మలచిరి. మన దేశపు రాగముల గమకములను పలికింపలేదను కారణమున ఆకాశవాణి 1940 నుండి 1971 వరకు దానిని నిషేధించినది. నేడు మన పెద్దలు "మనది" అని హత్తుకొను వాద్యము, ఒకప్పుడు "మనది కాదు" అని వెళ్లగొట్టబడినదే! వయొలిన్ సంగతియు ఇట్టిదే. ఐరోపా నుండి వచ్చిన ఆ వాద్యమును బాలుస్వామి దీక్షితులు కర్ణాటక సంగీతమునకు అలవరచెను. అది లేని కచేరీని నేడు ఊహింపలేము. బాలానగర్ నుండి నర్సాపూర్ మీదుగా పోవు దారి మెదక్ చేరును. అచ్చట 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయపు రంగుటద్దముల కిటికీలను రూపొందించినవాడు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. అవి మనవి కావని ఎవరందురు?

ఇక గిటారు. 1920ల నాటికి అమెరికా నృత్య బృందములలో బాకాలు, డ్రమ్ముల నడుమ గిటారు ధ్వని వినబడకుండెను. ఈ కొరత తీర్చుటకు జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు అల్యూమినియముతో పోతపోసి, విద్యుత్తుతో పలుకు గిటారును తయారుచేసిరి. అది 1932లో విక్రయమునకు వచ్చినది. హవాయి దీవుల పద్ధతిలో ఒడిలో పెట్టుకొని, తంత్రులపై ఉక్కు కడ్డీని జార్చుచు వాయించు వాద్యమది. దాని కిటుకు సులభమైనది. అయస్కాంతము చుట్టు సన్నని రాగి తీగెను వేల చుట్లు చుట్టుదురు. దానిపై ఉక్కు తంత్రి కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రము చలించి, రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫైయరు దానిని పెంచి స్పీకరుకు పంపును. మోటార్లకు రీవైండింగ్ చేయు బాలానగర్ సోదరులకు ఈ సంగతిని వేరుగా బోధింపనక్కరలేదు.

గిటారు వాయింపనేరని రేడియో రిపేరు పనివాడొకడు ఈ వాద్యమును సామాన్యులకు అందించెను. కాలిఫోర్నియాకు చెందిన ఆ లియో ఫెండర్, బోలు పెట్టెకు బదులు గట్టి చెక్కను కోసి, దానికి మెడను నాలుగు మరలతో బిగించెను. చెడిన భాగమును విప్పి మార్చుకొనవచ్చును. 1950లో వెలువడి, 1951లో టెలికాస్టర్ అను పేరు పొందిన ఆ గిటారు రూపము నేటికిని పెద్దగా మారలేదు. దానిలో రెండు పికప్‌లు కలవు. వంతెన యొద్దనున్నది పదునుగాను, మెడ యొద్దనున్నది మృదువుగాను పలుకును. ఒక చిన్న మీటతో కావలసినదానిని ఎన్నుకొందురు. ఈ ఒక్క గిటారుతోనే చికాగోలో మడ్డీ వాటర్స్ బ్లూస్ వాయించెను. మెంఫిస్‌లో స్టీవ్ క్రాపర్ సోల్ సంగీతమునకు, కాలిఫోర్నియాలో బక్ ఓవెన్స్ అమెరికా పల్లెపాటలకు దీనినే వాడిరి. కెనడాలో ఎడ్ బికర్ట్ దీనిపై మృదువైన జాజ్ పలికించెను. 1969లో వచ్చిన లెడ్ జెపెలిన్ మొదటి రికార్డులో జిమ్మీ పేజ్ దీనితోనే ఉరుములు పుట్టించెను. చెక్క అదే, తంత్రులు అవే. వేళ్లు మారినవి, వాయించువారి హృదయములోని పాట మారినది. ఏ ఒక్క సంగీతమును "ఇది నా సొత్తు" అని చెప్పుకొనలేనంతగా ఈ వాద్యము అందరికిని దాస్యము చేసినది.

ఈ వాద్యము లోకమునుండి సంఘములోనికి చొరబడినదని తలంచువారు మరియొక సంగతిని గమనింపవలెను. సంఘములోనుండి లోకమునకు నేర్పినవారును కలరు. 1915లో అర్కాన్సాస్‌లో జన్మించిన సిస్టర్ రోసెట్టా థార్ప్, సువార్తికురాలైన తల్లి వెంట చిన్ననాటినుండియే సభలలో గిటారు వాయించుచు పాడినది. వినోదశాలలలో కూడ పాడినందున సంఘస్థులు అనేకులు ఆమెను నిందించిరి. అయినను ఎలక్ట్రిక్ గిటారుపై ఆమె చూపిన మార్గమును తరువాతి రాక్ వాద్యకారులు అనుసరించిరి. 1964లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో, మూతపడిన రైల్వే స్టేషనులో టెలివిజన్ వారు ఏర్పాటు చేసిన కార్యక్రమమున ఆమె గిటారు పట్టి పాడెను. 1973లో ఆమె కన్నుమూసెను. 2018లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను గౌరవించినది. అట్లే హౌస్ ఆఫ్ గాడ్ అను నల్లజాతి పెంతెకొస్తు సంఘములు 1930ల దశాబ్దము నుండియే హవాయి స్టీల్ గిటారును తమ ఆరాధనలో ప్రధాన వాద్యముగా చేసికొనినవి. ఇది సినిమా వాద్యమను తాతగారి మాట ఇచ్చట నిలువదు.

ఇక మనుమని మాటను చూతము. మన కీర్తనలు కొత్త వాద్యమునకు ఒదుగవా? దీనికి జవాబు మన పాలకొల్లులోనే పుట్టినది. 1969లో అచ్చట జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, గిటారుకు తమ్ముని వంటి మాండొలిన్‌ను చేపట్టెను. జంట తంత్రులుగా ఎనిమిది ఉండు ఆ ఇటలీ వాద్యమును ఐదు ఒంటి తంత్రుల ఎలక్ట్రిక్ వాద్యముగా మార్చుకొని, దానిపై త్యాగరాజు కృతులను గమకములతో పలికించెను. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసినప్పుడు ఆయన తొమ్మిదేండ్ల బాలుడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించెను. 1998లో పద్మశ్రీ పొందెను. 2014లో, 45 ఏండ్ల వయస్సులో, చెన్నైలో మరణించెను. హిందుస్థానీ పద్ధతిలో బ్రిజ్ భూషణ్ కాబ్రా హవాయి గిటారుపై రాగములు వాయించెను. విశ్వమోహన్ భట్ గిటారును మోహనవీణగా మలచి 1994లో గ్రామీ బహుమానమును అందుకొనెను. కాబట్టి విద్యుత్తునకును రాగమునకును వైరము లేదు.

ఇంకొక మాట. హార్మోనియం మెట్టును నొక్కినచో ఒకే స్వరము నిలిచి పలుకును. దానిని వంచుటకు వీలులేదు. గిటారు తంత్రిని వ్రేలితో లాగి స్వరమును ఊపవచ్చును, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారవచ్చును. పురుషోత్తమ చౌదరిగారు 1833లో బాప్తిస్మము పొందిన పిమ్మట వ్రాసిన కీర్తనలు శాస్త్రీయ రాగములలో కట్టబడినవి. మన కీర్తనల పుస్తకములో రాగము, తాళము పేర్లు పాటల పైన నేటికిని అచ్చుపడియున్నవి. ఆ రాగములకు గిటారు, హార్మోనియం కంటె దగ్గర చుట్టము కాగలదు. ఈ సంగతి తాతకును మనుమనికిని తెలియవలెను.

అయితే గిటారుకు తెలిసిన విద్య వేరు, మన యౌవనస్థులు దానికి అప్పగించుచున్న పని వేరు. మూడు నాలుగు కార్డులు నేర్చి, అన్ని పాటలను ఒకే దరువులో కొట్టినచో మోహన రాగమునకును ఆనందభైరవికిని భేదము నశించును. ఇక్కడనే మనకు నిజమైన నష్టము పొంచియున్నది. పుస్తకములో మాటలు మిగులును. మెట్టు మాత్రము పాడువారితో పోవును. కీర్తనలను తల్లిదండ్రుల నోట నేర్చిన పెద్దలు ఒక్కొక్కరుగా ప్రభువునందు నిద్రించుచున్నారు. వారి వెంట పోయిన మెట్టును ఏ సాంకేతిక విద్యయు తిరిగి తేలేదు.

కావున సంఘములకు మా మనవి ఇది. నెలకొక కీర్తనను ఎన్నుకొనుడి. దానిని బాగుగా ఎరిగిన పెద్దలు పాడగా యౌవనస్థులు ఫోనులో భద్రపరచుకొని, మొదట కార్డులు కట్టక, పాట నడకను స్వరము వెంట స్వరముగా గిటారుపై వెదకవలెను. ఆ తరువాతనే తోడు వాద్యమును కూర్చవలెను. స్పీకరు ధ్వని సంఘము పాడు స్వరమును మించకుండ చూచుకొనవలెను. ఆరాధనలో మొదటి వాద్యము విశ్వాసుల కంఠమే. పెద్దలు కూడ ఆ బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, తప్పు పట్టుటకు ముందు పాడి వినిపింపవలెను.

గిటారు ఎవరి చేతిలో నుండిన వారి పాటను పాడును. మనము నేర్పనిచో ఇతరులు నేర్పినదానినే అది మన దేవాలయములో పాడును. మనము నేర్పినచో, తాత పల్లెనుండి తెచ్చిన కీర్తన మనుమని వ్రేళ్లలో మరియొక నూరేండ్లు బ్రదుకును. ప్రభువు నామమునకే మహిమ కలుగును గాక.