మరమ్మతు చేసిన బండి పాత బండేనా?

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని మన పెద్దలన్నారు. మోటారు కార్ల విషయంలో మాత్రం ఈ సామెత తలకిందులవుతుంది. పదేళ్ల కారంటే అందరికీ రోత. అదే కారు యాభై ఏళ్లు నిలిస్తే చూడడానికి జనం ఎగబడతారు. ఐర్లండులో ముప్ఫై ఏళ్లు దాటిన బండికి పాతకాలపు బండిగా రోడ్డు పన్నులో రాయితీ కూడా ఉంది.

ఇది దసరా సంచిక. ఆయుధ పూజనాడు హాలు బయట పార్కింగులో మన కార్లకు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచడం మనలో చాలామందికి అలవాటే. కాబట్టి బండ్లకు సంబంధించిన ఒక చరిత్రను, దానితో ముడిపడిన ఒక చిక్కు ప్రశ్నను మీ ముందుంచడానికి ఇది తగిన సందర్భమని భావిస్తున్నాను. ప్రశ్న ఇదీ: ఒక పాత కారుకు రేకు మార్చి, కొయ్య మార్చి, టైర్లు మార్చి, ఇంజను విప్పి మళ్లీ కూర్చిన తర్వాత అది ఆ పాత కారేనా? లేక పాత పేరు పెట్టుకున్న కొత్త కారా?

ఒకే జాతి, రెండు బండ్లు

రోల్స్ రాయిస్ కంపెనీ 1907లో ఒక కారుకు వెండి రంగు వేసి, వెండి పూత భాగాలు అమర్చి "సిల్వర్ ఘోస్ట్" అని పేరు పెట్టింది. అది ఆ ఒక్క కారు పేరు. చూస్తుండగానే ఆ తరహా కార్లన్నిటికీ జనం అదే పేరు పెట్టేశారు. ఈ జాతి కార్లలో రెండు మనకు దగ్గరివి. ఒకటి హైదరాబాదులో ఉంది, రెండోది ఐర్లండులో ఉంది.

హైదరాబాదు కారును ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డరు చేశారు. అదే ఏడాది ఆయన మరణించడంతో కారు ఏడవ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. పసుపు రంగు శరీరం, గుమ్మటం లాంటి పైకప్పు, వెనక సింహాసనం వంటి ఎత్తయిన ఆసనం. ఊరేగింపులకు తప్ప బయటికి తీయకపోవడం వల్ల దశాబ్దాలు గడిచినా నాలుగు వందల మైళ్లు కూడా తిరగలేదని చెబుతారు. తర్వాత చాలాకాలం ఆలనా పాలనా లేక పడి ఉన్న దానిని మన కాలంలో మరమ్మతు చేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనకు ఉంచారు. సెలవులకు వెళ్లినప్పుడు పిల్లలకు తప్పక చూపించండి.

ఐర్లండు కారు కథ దీనికి పూర్తిగా భిన్నం. మొదటి ప్రపంచ యుద్ధంలో సిల్వర్ ఘోస్ట్ ఛాసిస్ మీద ఉక్కు కవచం, పైన తిరిగే బురుజు, అందులో విక్కర్స్ మెషిన్ గన్ బిగించి యుద్ధానికి పంపారు. అటువంటి 13 వాహనాలను 1922లో బ్రిటిష్ ప్రభుత్వం కొత్తగా ఏర్పడిన ఐరిష్ ఫ్రీ స్టేట్ సైన్యానికి ఇచ్చింది. సైనికులు ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నారు. ఒక బండిని ఒప్పందాన్ని వ్యతిరేకించిన పక్షం వశపరచుకుని "ది మ్యూటినీర్", అంటే తిరుగుబాటుదారు అని పేరు రాసుకుంది. ఫోర్ కోర్ట్స్ పోరాటం ముగిసి బండి తిరిగి దొరికాక ప్రభుత్వ సైనికులు దాన్ని "ఎక్స్ మ్యూటినీర్", అంటే మాజీ తిరుగుబాటుదారు అన్నారు. బండి అదే, మారింది పేరు మాత్రమే!

వీటిలో "స్లీవ్ న మాన్" అనే బండి చరిత్రకెక్కింది. టిప్పరరీ జిల్లాలోని ఒక కొండ పేరది; "స్త్రీల కొండ" అని అర్థం. 1922 ఆగస్టు 22న కార్క్ జిల్లాలో బేల్ న బ్లా అనే చోట మైకేల్ కాలిన్స్ కాన్వాయ్ మీద దాడి జరిగినప్పుడు వెంట ఉన్న కవచ వాహనం ఇదే. దాని మెషిన్ గన్ కొంతసేపు పేలి, గుళ్ల బెల్టు ఇరుక్కుని ఆగిపోయింది. 31 ఏళ్ల కాలిన్స్ తలకు గుండు తగిలి మరణించాడు. ఆ గన్ పేల్చిన స్కాట్లండు సైనికుడు మక్‌పీక్ అదే ఏడాది డిసెంబరులో ఈ బండితో సహా ఎదుటి పక్షానికి వెళ్లిపోయాడు. తర్వాత సైన్యం బండిని తిరిగి పట్టుకుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో టైర్లు దొరకక ఈ వాహనాలను వాడకం నుంచి తప్పించారు. 1954లో పన్నెండింటిని ఊడదీసి అమ్మేశారు. స్లీవ్ న మాన్‌ను మాత్రం ఉంచుకున్నారు. కిల్డేర్ జిల్లా కరా సైనిక శిబిరంలో అది నేటికీ నడిచే స్థితిలో ఉంది. 2010 దశకం మొదట్లో దాన్ని పూర్తిగా పునరుద్ధరించారు కూడా. ఒక ప్రదర్శనలో దాన్ని దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది. నా పక్కనే ఒక ముసలాయన తన మనవడితో "కాలిన్స్ చివరి క్షణాలను చూసిన బండి ఇది" అంటున్నాడు. ఆ పిల్లవాడు బండిని తాకి చూసి "రంగు కొత్తగా ఉందే!" అన్నాడు. ఆ ఇద్దరిలో ఎవరిది సరైన మాట?

ఓడ, రథం, న్యాయస్థానం

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. ఏథెన్సు వాసులు తమ వీరుడు థీసియస్ ఓడను దాచుకుంటూ, పుచ్చిన పలక తీసి కొత్త పలక వేస్తూ వచ్చారనీ, అది అదే ఓడా కాదా అని తత్వవేత్తలు వాదించుకున్నారనీ ప్లూటార్కు రాశాడు. పదిహేడో శతాబ్దంలో థామస్ హాబ్స్ ఇంకో మెలిక వేశాడు: తీసేసిన పాత పలకలన్నీ ఎవరో ఏరి మరో ఓడ కడితే అప్పుడు రెండిట్లో అసలు ఓడ ఏది?

మన దేశంలో మిళింద పన్హాలో భిక్షువు నాగసేనుడు గ్రీకు రాజు మిళిందుణ్ణి రథం గురించి అడుగుతాడు. ఇరుసు రథమా? చక్రం రథమా? కాడి రథమా? ఏదీ కాదంటాడు రాజు. అన్నీ కూడినప్పుడు వ్యవహారం కోసం పెట్టుకున్న పేరే రథం అని తేలుతుంది.

1990లో ఇదే తగవు లండన్ న్యాయస్థానానికి వచ్చింది. 1929, 1930 సంవత్సరాల్లో ల మాన్ పందెం గెలిచిన "ఓల్డ్ నంబర్ వన్" అనే బెంట్లీ కారును కోటి పౌండ్లకు కొంటామని ఒప్పుకున్న కంపెనీ, ఇది అసలు కారు కాదంటూ వెనక్కి తగ్గింది. 1929 నాటి భాగాలు అందులో దాదాపు ఏమీ మిగలలేదన్నది నిజమే. న్యాయమూర్తి ఆటన్ తీర్పు ఆసక్తికరమైనది. ఇది "ఒరిజినల్" అనడానికి వీల్లేదు, కానీ "అథెంటిక్" అన్నారాయన. భాగాలు మారుతూ వచ్చినా బండి మాత్రం ఎన్నడూ లేకుండా పోలేదు, దాని చరిత్ర తెగలేదు, మరో కారు ఏదీ ఆ పేరుకు పోటీ రాలేదు. హాబ్స్ వేసిన మెలికకు ఇది కొంతవరకు జవాబు.

సాక్షి, సేవకుడు

వృత్తిరీత్యా నేను డాక్టర్ని. తుంటి కీలు, మోకాలి కీలు మార్చిన మనిషి మారిపోయాడని ఏ వార్డులోనూ ఎవరూ అనరు. మన ఎర్ర రక్తకణాలు నాలుగు నెలలకొకసారి కొత్తవవుతుంటాయి. కానీ కంటి కటకం నడిమి భాగంలోని ప్రోటీన్లు మనం పుట్టక ముందు ఏర్పడినవే. అవి చివరిదాకా ఉంటాయి. అంటే శరీరంలోనూ మారేవీ, మారనివీ కలిసే ఉన్నాయి.

అయితే అన్ని వస్తువులకూ ఈ పోలిక చాలదు. డబ్లిన్‌లోని కాలిన్స్ బ్యారక్స్ మ్యూజియంలో "ఆస్‌గార్డ్" అనే పడవ ఉంది. 1905లో నార్వేలోని లార్విక్‌లో కోలిన్ ఆర్చర్ కట్టిన ఈ పడవలోనే అర్స్కిన్ చైల్డర్స్, ఆయన భార్య మోలీ 1914 జులై 26న 900 తుపాకులను హోత్ రేవుకు చేర్చారు. అంతర్యుద్ధంలో చైల్డర్స్ కాలిన్స్ ఎదుటి పక్షాన నిలిచి 1922 నవంబరులో ప్రభుత్వం చేతిలో మరణశిక్ష పొందాడు. ఆయన పడవ ఇప్పుడు కాలిన్స్ పేరిట ఉన్న బ్యారక్స్‌లో భద్రంగా ఉంది. కాలం చేసే రాజీలు ఇలాగే ఉంటాయి!

ఈ పడవను మళ్లీ సముద్రంలో నడపాలని కొందరూ, కదల్చకుండా కాపాడాలని కొందరూ వాదించారు. నడపాలంటే ఎన్నో పాత కొయ్యలు మార్చక తప్పదు. చివరికి పాత కొయ్యను వీలైనంత ఎక్కువగా నిలుపుతూ 2007 నుంచి 2012 దాకా పని చేసి మ్యూజియంలో నిలబెట్టారు. ఇక అది నీళ్లు ముట్టదు. కానీ ఆ పలకలు 1914 నాటి సాక్షులు.

నాకు తోచింది ఇదీ. వస్తువులు రెండు పనులు చేస్తాయి: కొన్ని సాక్షులు, కొన్ని సేవకులు. సాక్షిని మార్చితే సాక్ష్యం పోతుంది. సేవకుణ్ణి మార్చకపోతే సేవ ఆగిపోతుంది. మన దేవాలయాలు ప్రధానంగా సేవ కోసం ఉన్నవి. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోతే, కొత్తగా కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. భక్తుడికి అది కాళహస్తి గోపురమే. రాయల కాలపు తాపీ పనిని చదవాలనుకునే పరిశోధకుడికి మాత్రం అది తిరిగిరాని నష్టం. ఇద్దరి మాటా నిజమే. పూరీలో జగన్నాథుని దారు విగ్రహాన్నే మార్చి, లోపలి బ్రహ్మ పదార్థాన్ని కొత్త విగ్రహంలోకి చేర్చే నవకళేబర ఉత్సవం 2015లోనూ జరిగింది. అక్కడ మార్పే సంప్రదాయం.

స్లీవ్ న మాన్ మాత్రం సాక్షీ, సేవకుడూ రెండూను. అందుకే ముసలాయన మాటా, మనవడి మాటా రెండూ సరైనవే. రంగు ఆ రోజును చూడలేదు, బండి చూసింది.

ఇంటి సంగతి

ఇదంతా ఊరికే పాండిత్యం కోసం రాయలేదు. తెనాలిలో మా తమ్ముడి ఇంటి షెడ్డులో మా నాన్నగారి 1968 అంబాసిడర్ మార్క్ టూ ఉంది. నాన్నగారు పోయి ఆరేళ్లయింది. ఈ వేసవిలో తమ్ముడు ఫోన్ చేసి, "అన్నయ్యా, అడుగు రేకు మొత్తం తుప్పు పట్టింది. బాగుచేయిస్తే సగం బండి కొత్తదవుతుంది. అప్పుడది నాన్నగారి కారు ఎలా అవుతుంది? తూకానికి వేసేద్దామా?" అని అడిగాడు. అమ్మ ఆ పక్కనే ఉండి ఏమీ మాట్లాడలేదు.

2021లో భారత ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు జరగని బండే వింటేజ్ బండి. మాది కాదు. ఎనభైలలో పెట్రోలు ఖర్చు భరించలేక నాన్నగారే దానికి డీజిలు ఇంజను వేయించారు. మెకానిక్కు పాత పెట్రోలు ఇంజను వెతికి తెచ్చి "ఒరిజినల్" చేస్తానన్నాడట. నేను వద్దన్నాను. కొన్న నాటి కారు కంపెనీ వాళ్ల కారు. డీజిలు మోతతో మమ్మల్ని స్కూలుకీ, అక్కయ్యను అత్తవారింటికీ తీసుకెళ్లిన కారే నాన్నగారిది.

ఆసుపత్రిలో రోగికి ఏం చేసినా కేసు షీటులో రాస్తాం. రాయనిది జరగనట్టే లెక్క. మా అంబాసిడర్‌కూ అలాగే ఒక పుస్తకం పెట్టమన్నాను. ఏ రేకు ఎప్పుడు మారింది, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అన్నీ తేదీలతో రాయాలి. తీసిన ముక్కల్లో ముఖ్యమైనవి చీటీ కట్టి ట్రంకు పెట్టెలో ఉంచాలి. నాన్నగారి చెయ్యి రాసుకుని రంగు పోయిన స్టీరింగు చక్రం, డ్రైవరు వైపు తలుపు మాత్రం ముట్టుకోకూడదు. అవి సాక్షులు. తక్కినవి సేవకులు. అడుగు రేకు పని ఇప్పుడు నడుస్తోంది. మొదటి పేజీ అమ్మ చేత రాయించాం. కారు ఇంటికి వచ్చిన రోజు, ఆ రోజు చేసిన పూజ, ఎదురొచ్చిన ముత్తయిదువ పేరు ఆవిడకు ఇంకా గుర్తున్నాయి.

సముద్రాలు దాటి వచ్చిన మన అందరి ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. అమ్మమ్మ వంటకంలో గోంగూర దొరక్క రూబార్బు చేరి ఉండవచ్చు. బతుకమ్మకు తంగేడు లేక ఇక్కడి పూలు పేర్చి ఉండవచ్చు. మార్చామని సిగ్గుపడనక్కరలేదు. ఎందుకు మార్చామో, మొదట ఏముండేదో పిల్లలకు చెప్పకపోవడమే లోపం. చెప్పినంతకాలం తీగ తెగదు.

కాబట్టి ఈ విజయదశమికి ఒక చిన్న విన్నపం. ఆయుధ పూజలో పెట్టిన వస్తువుల్లో ఒక్కదానికైనా, పాత కుట్టు మిషను గానీ, తాతగారి చేతి గడియారం గానీ, కేసు షీటు మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ల చేత మొదటి పేజీ ఇప్పుడే రాయించండి. రెండో పేజీ పిల్లలు రాస్తారు.

సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ దసరా శుభాకాంక్షలు.