దత్తపుత్రులు, గార్డియన్లు

మాది పూండి. పలాస దాటాక వచ్చే చిన్న స్టేషను. మా వీధి చివర ఒక మాస్టారు ఉండేవారు, బాప్టిస్టు కుటుంబం. ఆయనకీ అమ్మగారికీ పిల్లల్లేరు. దూరపు బంధువుల పిల్లాణ్ణి నెలల బిడ్డగా తెచ్చుకుని పెంచుకున్నారు. వాడూ నేనూ ఒకే క్లాసు. ఊళ్ళో అందరికీ వాడు మాస్టారి కొడుకే. పదో తరగతి పరీక్ష ఫారాలు నింపుతున్న రోజున మాత్రం తండ్రి పేరు రాయాల్సిన చోట మాస్టారి పేరు రాసి, పక్కన "గార్డియన్" అని ఉంది. పక్క బెంచీలో కూచున్న నాకు కనిపించింది. వాడు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంజినీరింగ్ అయ్యాక ఒకసారి సెలవులకి వెళ్ళినప్పుడు మాస్టార్ని అడిగేశాను. "అదేటి మాస్టారూ, దత్తత రాయించుకోలేదా?" ఆయన నవ్వి, "మాకు దత్తత లేదు బాబూ. కోర్టుకెళ్ళినా గార్డియన్ అనే ఇస్తారు" అన్నారు. నాకు అర్థం కాలేదు. దత్తత ఒకరికి ఉండి ఒకరికి లేకపోవడం ఏంటి?

చాలా ఏళ్ళ తర్వాత, హైదరాబాదులో ఒక ఆఫీసు స్నేహితుడి పెళ్ళికి చర్చికి వెళ్ళాను. నేను క్రైస్తవుణ్ణి కాను. పాస్టరుగారు రోమీయులకు రాసిన పత్రిక ఎనిమిదో అధ్యాయం చదువుతుంటే ఒక మాట దగ్గర చెవి ఆగింది. దత్తపుత్రాత్మ. దేవుడు మనుషుల్ని పుట్టించి వదిలేయలేదు, దత్తత చేసుకున్నాడు, అందుకే వాళ్ళు ఆయన్ని అబ్బా అని పిలవగలుగుతున్నారు అని అక్కడి భావం. (అబ్బా అన్నది అరమాయిక్ మాట, తండ్రీ అని. తెలుగులోనూ అబ్బ అంటే తండ్రే. మనకి అది ఇప్పుడు తిట్టులోనూ, దెబ్బ తగిలినప్పుడూ మాత్రమే మిగిలింది.) మాస్టారు ప్రతి ఆదివారం చదువుకునే పుస్తకంలో ఆయన దేవుడి దత్తపుత్రుడు. ఆయన దత్తపుత్రుడు మాత్రం కాగితం మీద వట్టి సంరక్షితుడు. ఈ ముడి ఎక్కడ పడిందో చూద్దామని అప్పట్నుంచీ చదువుతూ వచ్చాను.

ముందు ఆ మాట సంగతి. కొత్త నిబంధనలో "దేవుని పిల్లలు" అన్న ఊహ రెండు దారుల్లో వస్తుంది. యోహాను పుట్టుక గురించి మాట్లాడతాడు, దేవుడి మూలంగా పుట్టడం అంటాడు. పౌలు దారి వేరు. ఆయన వాడిన గ్రీకు మాట హుయొథెసియా, అంటే కొడుకు స్థానంలో పెట్టడం. ఆయన పేరున ఉన్న ఉత్తరాల్లో అది ఐదుసార్లే వస్తుంది: రోమీయుల్లో మూడు, గలతీయుల్లో ఒకటి, ఎఫెసీయుల్లో ఒకటి. అది రోమన్ల కచేరీల్లో నలిగిన మాట. రోములో దత్తత పసిపిల్లల మీద జాలితో జరిగే పని కాదు. పేరూ ఆస్తీ నిలబెట్టడానికి ఎదిగిన మగవాణ్ణి తెచ్చుకోవడం. జూలియస్ సీజర్ తన వీలునామాలో ఆక్టేవియన్ని కొడుకుగా రాశాడు, ఆ కుర్రాడే తర్వాత అగస్టస్ చక్రవర్తి అయ్యాడు. పౌలు రోమీయులకు ఉత్తరం రాసే నాటికి సింహాసనం మీదున్న నీరో కూడా దత్తుడే. క్లాడియస్ అతన్ని క్రీ.శ. 50లో దత్తత చేసుకున్నాడు. ఆ ఊరివాళ్ళకి ఆ మాట బరువు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తెలుగులో బైబిలు అనువాదం మన తీరాన, విశాఖపట్నంలో జోరందుకుంది. లండన్ మిషనరీ సొసైటీ వాళ్ళు 1805లో వచ్చారు. డెస్‌గ్రాంజెస్ దొర, ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడు కలిసి కూచుని సువార్తలతో మొదలుపెట్టారు. వాళ్ళ తర్వాత ఎన్నో చేతులు పడి, ఎన్నోసార్లు దిద్దబడి ఇవాళ్టి బైబిలు వచ్చింది. దాంట్లో రోమీయుల్లోనూ గలతీయుల్లోనూ దత్తపుత్రులు, దత్తపుత్రత్వం అనే ఉంటుంది. ఎఫెసీయుల్లో మాత్రం దత్త అన్న ముక్క లేకుండా, కుమారులుగా స్వీకరించడం అని ఊరుకున్నారు. ఎందుకో గానీ నాకు ఆ తేడా నచ్చింది.

ఎందుకంటే దత్త అన్న మాట ఖాళీ చేతులతో రాలేదు. ధర్మశాస్త్రం మొత్తాన్ని మోసుకుని వచ్చింది. మనువు ప్రకారం దత్తుడు ఆపదలో తల్లిదండ్రులు నీళ్ళు విడిచి ఇచ్చినవాడు, పుచ్చుకునేవాడికి "సదృశుడు" అయినవాడు. ఎందులో సదృశుడు? మేధాతిథి గుణాల్లో అన్నాడు. కుల్లూకభట్టు కులంలో అన్నాడు. ఆచారంలో కుల్లూకుడే గెలిచాడని వేరే చెప్పాలా? తర్వాత నందపండితుడు దత్తకమీమాంస రాసి, కుర్రాడిలో "పుత్రచ్ఛాయ" ఉండాలన్నాడు. అంటే ఆ పిల్లాడి తల్లి, పుచ్చుకునేవాడు పెళ్ళాడడానికి నిషేధం లేని వరసలో ఉండాలి. ఆ లెక్కన మేనల్లుడు పనికిరాడు. దక్షిణాదిన మనవాళ్ళు ఈ నిషేధాన్ని పెద్దగా పట్టించుకోలేదు, అది వేరే కథ. ఒక్కడే కొడుకుంటే ఇవ్వకూడదు. ఆడపిల్ల లెక్కలోకే రాదు. ఇవన్నీ కుదిరి దత్తత జరిగిందా, ఆ పిల్లాడికి కన్నవారి గోత్రమూ ఆస్తీ రెండూ తెగిపోతాయి. అక్కడ చచ్చినట్టు, ఇక్కడ పుట్టినట్టు.

ఇది పండితుల గొడవే అనుకోకండి. పూండి నుంచి నౌపడా వెళ్ళి, అక్కడ గుణుపూరు రైలెక్కితే టెక్కలి మీదుగా పర్లాకిమిడి చేరతాం. అవతల చిన్నకిమిడి. ఆ జమీందారు చనిపోయాక ఆస్తి సవతి తమ్ముడి చేతికి పోతే, భార్య పెదకిమిడి కుటుంబం నుంచి ఒక పిల్లాణ్ణి దత్తత తీసుకుంది. వ్యాజ్యం లండన్లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1876లో తీర్పు పిల్లాడి పక్షాన వచ్చింది. జమీందారీని ఏలుతున్న పెద్దమనిషి దిగాడు, దత్తపుత్రుడు ఎక్కాడు. మా ప్రాంతంలో ఆ కాలంలో ఈ మాట వింటే జనానికి ముందు గుర్తొచ్చేది ప్రేమ కాదు, జమీను.

ఇప్పుడు అదే పర్లాకిమిడి దగ్గర, మదనాపురంలో 1803లో పుట్టిన ఒక మనిషి దగ్గరికి వస్తాను. పురుషోత్తమ చౌదరి. తెలుగు క్రైస్తవ కీర్తనలు పాడేవాళ్ళెవరికీ పరిచయం అక్కర్లేని పేరు. మిగతావాళ్ళకి, అంటే నాలాంటి సాహిత్యాభిమానులకి, దాదాపు తెలియని పేరు. పందొమ్మిదో శతాబ్దపు తెలుగు కవుల గురించి ఇన్ని వ్యాసాలు వస్తాయి గదా, ఈయన మీద ఎన్ని చదివారో లెక్కపెట్టుకోండి. బ్రాహ్మణ కుటుంబం. పూర్వీకులు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళంటారు. కరపత్రాలు చదివి, శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే క్రైస్తవ మహిళతో మాట్లాడి, 1833లో కటకం వెళ్ళి బాప్తిస్మం తీసుకున్నాడు.

ఆ ప్రయాణంలో ఒక సరిహద్దు ఉంది. కటకం బెంగాల్ ప్రెసిడెన్సీలో ఉంది. మతం మారినంత మాత్రాన వారసత్వం పోకుండా అక్కడ 1832లో ఒక రెగ్యులేషన్ చేశారు. ఆయన సొంతూరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోది. అక్కడ ఆ రక్షణ లేదు. అంటే బాప్తిస్మం తీసుకున్న ఊళ్ళో చట్టం ఆయన్ని ఇంకా తండ్రికి కొడుకుగానే చూస్తుంది, తిరిగి ఇంటికొస్తే చూడదు. కులభ్రష్టుడైనవాడికి బతికుండగానే కుండ పగలగొట్టి ఘటశ్రాద్ధం పెట్టే పద్ధతి శాస్త్రంలో ఉంది. దత్తతకీ దీనికీ ఒక పోలిక కనిపిస్తుంది నాకు. రెండింటిలోనూ కన్న ఇల్లు తెగిపోతుంది. దత్తుడికి అవతల మరో ఇల్లు తలుపు తీసుకుని ఉంటుంది. ఘటశ్రాద్ధం జరిగినవాడికి ఏ ఇల్లూ లేదు.

దేశమంతటికీ ఆ రక్షణ 1850 చట్టంతో వచ్చింది. మద్రాసులో దాన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళలో మన గాజుల లక్ష్మీనరసు చెట్టి ఒకడు. ఆయన్ని ఛాందసుడని తీసిపారేయడం తేలిక. కానీ ఆ పక్షం వాదనలో ఒక తర్కం ఉంది: ఆస్తి పిండంతో ముడిపడింది, పిండం పెట్టలేనివాడు కొడుకెలా అవుతాడు? కొడుకుతనం అంటే చెయ్యాల్సిన పని, దానికి ప్రతిఫలం ఆస్తి. పౌలు సరిగ్గా ఈ లెక్కనే తలకిందులు చేశాడు. ముందు కొడుకుగా తీసుకోవడం, అదీ ఏ యోగ్యతా చూడకుండా. పనులు ఆ తర్వాత. క్రైస్తవులు కృప అనేది దీన్నే. పుత్రచ్ఛాయ వెతకని దత్తత అన్నమాట. దత్త అనే మాట ఎంచుకున్న అనువాదకులు ఈ తేడా గమనించారో లేదో గానీ, కులం కుదిరితే తప్ప దత్తత లేని సమాజంలో ఆ మాటని మాల మాదిగ వాడల్లో చదివి వినిపించడం మామూలు సంగతి కాదు.

చౌదరి తన కీర్తనల్లో ఈ వాదాలేవీ చెయ్యడు. నాకు ఆయన నచ్చేది అక్కడే. రాగం, తాళం, పల్లవి, చరణాలు అన్నీ మన పద్ధతే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇవాళ్టికీ రాగతాళాల పేర్లతోనే అచ్చవుతాయి. త్రాహిమాం అని మొదలయ్యే కీర్తన వినండి. దేహి అంటూ వచ్చి నిలబడ్డ మనిషి గొంతు అది. బ్రాహ్మడు దేహి అనడంలో కొత్తేముంది, అది వృత్తే కదా అనొచ్చు. కానీ దానం పుచ్చుకునే బ్రాహ్మడికి పాత్రత ఉండాలి, ఇచ్చేవాడికి పుణ్యం రావాలి. ఈ దేహిలో పాత్రత లేదు, తాను దేనికీ పనికిరానని ఒప్పుకోవడం ఉంది. శరణాగతి మన భక్తికవులకి కొత్త కాదు, రామదాసుని పాడుకున్నవాళ్ళకి ఈ గొంతు పరిచయమే. కాకపోతే ఇక్కడ అడుగుతున్నవాడి వెనక ఇల్లు నిజంగానే లేదు.

మళ్ళీ చట్టం దగ్గరికి. మతం మారాక ఏ చట్టం వర్తిస్తుందన్న ప్రశ్న బళ్ళారి నుంచి వచ్చింది. అక్కడి ఏబ్రహాం అనే దేశీయ క్రైస్తవ కుటుంబంలో, చనిపోయినవాడి భార్యకీ తమ్ముడికీ ఆస్తి తగాదా. 1863లో ప్రీవీ కౌన్సిల్ ఏమందంటే, క్రైస్తవుడైనవాడికి హిందూ చట్టం కట్టుబాటు కాదు, కావాలనుకుంటే పాత ఆచారాన్ని ఉంచుకోవచ్చు. రెండేళ్ళకి, 1865లో, వారసత్వ చట్టం వచ్చి ఆ వెసులుబాటూ తీసేసింది. క్రైస్తవులు ఇంగ్లీషు పద్ధతిలోకి వెళ్ళారు. చిక్కేమిటంటే ఇంగ్లండులో అప్పటికి దత్తతకి చట్టమే లేదు. అక్కడ అది వచ్చింది 1926లో. మన క్రైస్తవులకి సంక్రమించింది ఆ ఖాళీయే. పిల్లాణ్ణి పెంచుకోవాలంటే 1890 నాటి గార్డియన్ల చట్టం కింద కోర్టుకెళ్ళాలి. ఆ సంరక్షణ పిల్లాడికి మైనారిటీ తీరేదాకానే. ఆ తర్వాత చట్టం దృష్టిలో ఇద్దరూ పరాయివాళ్ళు. 1956లో హిందువులకి దత్తత చట్టం వచ్చి ఆడపిల్లల్నీ లెక్కలోకి తెచ్చింది. అందరికీ కలిపి ఒక దత్తత చట్టం చేద్దామని 1972లో ఒకసారి, 1980లో ఒకసారి బిల్లు పెట్టి వదిలేశారు. చివరికి బాలనేరస్తుల కోసం, దిక్కులేని పిల్లల కోసం ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టాన్ని 2006లో సవరించినప్పుడు దారి తెరుచుకుంది. 2014లో షబ్నం హష్మీ కేసులో, ఏ మతంవాళ్ళయినా దాని కింద దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అప్పటికి మా క్లాసువాడికి ముప్ఫై దగ్గరపడింది.

ఇదే ఫారంలో ఇంకో గడి కూడా ఉంది, కులం. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాల, మాదిగ షెడ్యూల్డు కులం కిందకి రారు. సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చారు, వీళ్ళని చేర్చలేదు. మన రాష్ట్రంలో వాళ్ళు బీసీ-సి, ఒక్క శాతం. ఆదివారం దేవుని పిల్లలు, సోమవారం సర్టిఫికెట్లో మరో పేరు. ఎన్నో ఇళ్ళలో ఈ రెండింటి మధ్య బతుకు ఎలా గడుస్తుందో నాకన్నా వాళ్ళే బాగా చెప్పగలరు. చర్చి గోడల లోపల కూడా కులం చూసి పెళ్ళిళ్ళు కుదుర్చుకునే క్రైస్తవుల సంగతి కూడా వాళ్ళే చెప్పాలి. అక్కడ గెలిచింది మళ్ళీ కుల్లూకభట్టే.

మాస్టారు పోయి కొన్నేళ్ళయింది. పూండిలో ఇల్లు, ఉద్దానంలో కాస్త జీడితోట. చట్ట ప్రకారం అవి మావాడికి రావు, ఆయన అన్నదమ్ముల పిల్లలకి పోతాయి. అందుకని బతికుండగానే వీలునామా రాయించారు. అది సీజర్ పట్టిన దారి. మావాడు దాన్ని నాకు చూపించాడు. దస్తావేజు లేఖరి తన మామూలు బాణీలో "నేను పెంచుకొనిన" అని మొదలుపెట్టాడు. ఆ రెండు మాటలూ కొట్టేసి ఉన్నాయి. పైన మాస్టారి గుండ్రటి దస్తూరీలో "నా కుమారుడు" అని రాసి, పక్కన చిన్న సంతకం ఉంది.