ముంగిలి తోట

అంగన్‌వాడీ అనే మాట వినని ఇల్లు తెలుగు నాట లేదు. ఆ మాట చెవిని పడగానే పాలు, గుడ్డు, టీకాల రోజు, గోడమీద రాసిన అక్షరాలు మనకు స్ఫురిస్తాయి. మాట మాత్రం మనది కాదు. అంగనలకు సంబంధించినదనో, ఏదో వాడకు చెందినదనో మన చెవికి తోస్తుంది. 'అంగణ' మనగా ముంగిలి. 'వాడీ' అనే పదానికి మరాఠీలోను, గుజరాతీలోను తోట అనే అర్థమున్నది. వెరసి ముంగిలిలోని తోట. ఆ పేరులోని తోట మనదాకా వచ్చేసరికి ఏమైనదో విచారించవలసి ఉన్నది.

జర్మనీలో ఫ్రోబెల్ మహాశయుడు 1837లో పసిపిల్లలకు ఒక బడి పెట్టి, 1840లో దానికి పిల్లల తోట అని నామకరణం చేసినాడు. అది కవితా ధోరణిలో పెట్టిన పేరనుకుంటారు చాలామంది. కాదు. అక్కడ ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చిన్న మడి ఉండేది. తర్వాత 1914లో లండను నగరపు డెట్‌ఫర్డు పేటలో మార్గరెట్ మెక్‌మిలన్ తన సోదరి రేచెల్‌తో కలిసి చీకటి కొట్లలో పెరిగే కూలివారి పిల్లలకోసం ఆరుబయలు శిశుశాల నెలకొల్పినది. గాలి, వెలుతురు, స్నానం, తోట: ఇవే అక్కడి పాఠాలు.

మన దేశంలో గిజుభాయి బధేకా 1920లో భావనగరంలో బాలమందిరం స్థాపించినారు. ఆయన సహచరి తారాబాయి మోడక్. 1926లో వెలసిన నూతన బాల శిక్షణ సంఘానికి వీరిద్దరూ మూలస్తంభాలు. మాంటిసోరీ పద్ధతిని ఇష్టపడి చేపట్టినవారే. కాని ఆ ఉపకరణాల ఖరీదు పల్లెలకు అందేది కాదు. 1945లో తారాబాయి సముద్రతీరాన బోర్డీ గ్రామానికి తరలివెళ్లినారు. అక్కడ గులకరాళ్లు, గవ్వలు, గింజలు, ఆకులు, బంకమన్ను ఉపకరణాలైనవి. డబ్బు లేక చేసిన పని అది. కాని డబ్బున్న బళ్లకు కూడా అంతకన్న మంచి సామగ్రి దొరుకుతుందని నేననుకోను.

అసలు చిక్కు వేరొకచోట వచ్చినది. బీదల వాడలనుండి పిల్లలు బడికి రారు. తల్లి కూలికి పోతుంది. పెద్దపిల్ల చంటిబిడ్డను చంకనెత్తుకుని ఇంటికి కాపలా ఉంటుంది. బిడ్డలు రాకపోతే బడే బిడ్డల దగ్గరకు పోవాలని తారాబాయి, ఆమె శిష్యురాలు అనూతాయి వాఘ్ నిశ్చయించినారు. వాడలోని ముంగిలిలోనే పిల్లలకు స్నానం చేయించి, గోళ్లు తీసి, తల దువ్వి, తర్వాత ఆటపాటలు మొదలుపెట్టేవారు. అంగన్‌వాడీ అనే పేరు అక్కడ పుట్టినది. 1957లో సంస్థ కోస్‌బాడ్ కొండకు మారినది. పశువుల వెంట పోయే ఆదివాసి బాలురకోసం పచ్చికబయలులోనే బడి నడిపినారు. శిశుశాల, బాల్‌వాడీ, ప్రాథమిక పాఠశాల మూడూ ఒకేచోట ఉంచినారు. చంటిబిడ్డ ఒకరి చేతిలో భద్రంగా ఉంటేనే అక్క పలక పట్టగలదు. ఇంత చిన్న విషయం కనిపెట్టడానికి ఎంతకాలం పట్టినదో చూడండి!

తెలుగువారి పక్షాన ఈ చరిత్రలో దుర్గాబాయమ్మగారి పేరు చెప్పక తప్పదు. మైలాపూరులో పొరుగు బాలికలను చేరదీసి ఆమె ఆరంభించిన చిన్న కూటమినుండే 1937లో ఆంధ్ర మహిళాసభ ఎదిగినది. ఆ సభ విద్యాసంస్థలు కొన్ని తర్వాత ఉస్మానియా ఆవరణలోనే వెలసినవి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలైనారు. మరుసటి ఏట మొదలైన గ్రామ సంక్షేమ పథకాలలో బాల్‌వాడీకి చోటు దొరికినది.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 చోట్ల ఆరంభమైనప్పుడు ప్రభుత్వం తారాబాయి మాటనే స్వీకరించినది. ఆమె అంతకు రెండేళ్ల ముందే గతించినారు. నేడు ఒక్క తెలంగాణలోనే 35 వేలకు పైగా కేంద్రాలున్నవి. తిండి, టీకా, తూకం అందినవి. అది తక్కువ మేలు కాదు. కాని పట్టణాలలో అనేక కేంద్రాలు అద్దెగదులలో చేరినవి. ముంగిలి పోయినది, తోట పోయినది, పేరు నిలిచినది.

మెట్టుగూడ, తార్నాక ప్రాంతం ఈ విషయంలో అదృష్టం చేసుకున్నది. ఒకవైపు రైల్వే క్వార్టర్లు, మరొకవైపు చెట్లు నిండిన విశ్వవిద్యాలయం. చెంతనే, 1958లో కూనూరునుండి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, నేటి జాతీయ పోషకాహార సంస్థ. పిల్లల చూపు పోకుండా ఆరు నెలలకొకసారి విటమిన్ ఏ పోసే జాతీయ పథకం 1970లో మొదలైనదంటే దానికి ఆధారం ఈ సంస్థ పరిశోధనే. ఆ విటమిన్‌కు మూలమైన పదార్థం మునగాకులో, తోటకూరలో, బొప్పాయిలో పుష్కలం. అనగా పెరటిలో ఉన్నది.

పనికిపోయే తల్లుల బిడ్డలకోసం చట్టాలు రాకపోలేదు. 1948 నాటి కర్మాగారాల చట్టం యాభైమందికి మించి స్త్రీలున్నచోట శిశుశాల ఉండాలన్నది. 1976లో ఆ సంఖ్యను ముప్పైకి తగ్గించినారు. 2017 నాటి సవరణ యాభైమంది పనిచేసే ప్రతి సంస్థకు ఆ బాధ్యత పెట్టినది. పదిమంది పనిచేసే దుకాణంలోని తల్లి మాటేమిటి? ఆమెకు దిక్కు పొరుగింటి పెద్దమ్మగారే.

ఆ పెద్దమ్మగారు నలుగురు పిల్లలను తన ఇంట చూడదలిస్తే బోర్డీ పాఠం ఆమెకు అక్కరకు వస్తుంది. ముందు సంపు మూతకు తాళం వేయించాలి. నీళ్ల బకెట్టు నిండుగా వదలకూడదు. పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదపు గింజలు విషం. ఆ మొక్కలు పెరటిలో ఉండరాదు. నోట పెట్టుకునే వయసువారికి చింతగింజలు, గవ్వలు ఇవ్వరాదు. మూడేళ్లు దాటినవారికైనా కంటి ఎదుటనే ఇవ్వాలి. వేసవిలో ఎండ ముదరకముందే బయటి ఆట ముగియాలి. మన్ను అంటినదని కోపగించుకునే తల్లిదండ్రులకు ముందే నచ్చజెప్పుకోవాలి. నిజానికి అన్నిటికన్న కష్టమైన పని ఇదే.

ఇప్పుడు ఈ వీథులలో మేడలు లేచి, ఆవరణలన్నీ సిమెంటు పలకలతో కప్పబడినవి. గోడవార రెండు పలకలు తీయించితే ఒక మునగ మొక్కకు, పక్కనే ఇద్దరు పిల్లలు కూర్చుని మన్ను తవ్వుకోవడానికి చోటు వస్తుంది.