మచిలీపట్నం ఓడ నుంచి శంషాబాద్ విమానం దాకా

హజ్‌కు బయల్దేరేవాళ్ళు దారిబత్తెం వెంట తీసుకెళ్ళాలని, అన్ని బత్తేల్లోకీ మేలైనది దైవభీతి (తఖ్వా) అని ఖురాన్ రెండో అధ్యాయం చెబుతుంది. దేవుడిపై భారం వేశామంటూ వట్టి చేతులతో వచ్చి, మక్కాలో చేయి చాచే యమన్ యాత్రికుల గురించి ఆ మాట వచ్చిందని హదీసు. అంటే తఖ్వా ఉంటే మూట అక్కర్లేదని కాదు, రెండూ ఉండాలని. భక్తి, విధేయత, ప్రయాస మూడూ కలిసే ఆరాధన హజ్. దక్కన్ నుంచి సాగిన హజ్‌లో మొదటి రెండింటి రూపం పెద్దగా మారలేదు. ప్రయాస మాత్రం చాలావరకు దారి వదిలి ఇంట్లోకి వచ్చింది.

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు సముద్రద్వారం మచిలీపట్నం. ఎర్ర సముద్రపు రేవులకు వెళ్ళే ఓడల్లో బట్టల మూటలతో పాటు యాత్రికులూ ఉండేవారు. గాలి మళ్ళితే తప్ప తిరుగు ప్రయాణం లేదు. అందుకే అప్పులు తీర్చి, ఇంటి ఖర్చుకు డబ్బు ఉంచి, అందరి దగ్గరా మాఫీ అడిగి బయల్దేరడం అప్పట్లో లాంఛనం కాదు. తిరిగొస్తామన్న నమ్మకం ఎవరికుండేది కనుక!

1874లో వాడి-సికింద్రాబాద్ రైలుమార్గం పడ్డాక నిజాం రాజ్య యాత్రికుల చూపు బొంబాయి వైపు తిరిగింది. ముసాఫిర్‌ఖానాలో బస, రేవులో పడిగాపులు, ఆపై పొగ ఓడ. కలరా భయంతో ఎర్ర సముద్రంలోని కమరాన్ దీవిలో యాత్రికులను ఆపి క్వారంటైన్‌లో ఉంచేవారు. ఆ కష్టాలు తెలిసే కాబోలు, నిజాం ప్రభువులు మక్కాలో యాత్రికుల వసతి గృహాలైన రుబాత్‌లు ఏర్పాటు చేశారు. రాజ్యం పోయినా ఆ ఏర్పాటు మిగిలింది. పాత హైదరాబాద్ సంస్థాన ప్రాంతాల హాజీలకు చీట్లు తీసి అక్కడ ఉచిత బస ఇస్తూ వచ్చారు.

1995తో ఓడ ప్రయాణం ముగిసింది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు మారాక హైదరాబాద్ హాజీల దారి స్థిరపడింది: నాంపల్లి హజ్ హౌస్‌లో కాగితాలు, వీడ్కోలు కన్నీళ్ళు, బస్సు, శంషాబాద్. నేరుగా జిద్దా వెళ్ళే మగవాళ్ళు కుట్టు లేని రెండు తెల్లబట్టలతోనే విమానం ఎక్కుతారు. ఎందుకంటే భారత యాత్రికులకు హజ్ దీక్ష మొదలయ్యే హద్దు (మీఖాత్) అయిన యలమ్‌లమ్ గాలిలోనే దాటిపోతుంది. అది దాటేలోపు ఇహ్రామ్ అనే ఆ దీక్షకు నియ్యత్ (సంకల్పం) చేసుకోవాలి. ఓడ మీద పాటించిన హద్దునే మేఘాల మీదా పాటిస్తున్నారు; నా దృష్టిలో విధేయతకు ఇంతకన్నా స్పష్టమైన నిదర్శనం లేదు. మదీనాకు ముందు వెళ్ళేవాళ్ళకు ఈ తొందర ఉండదు.

నెలల దారి గంటలకు కుదిరింది. మరి ప్రయాస ఎక్కడికి పోయింది? జీతంలో, అంగడి రాబడిలో ఏళ్ళ తరబడి వెనకేసే రూపాయల్లోకి పోయింది. దరఖాస్తు పెట్టి ఖుర్రా (లాటరీ)లో పేరు రాక, మళ్ళీ పెట్టే ఓపికలోకి పోయింది. స్తోమత ఉన్నవాళ్ళకే హజ్ విధి కాబట్టి, విమాన ఛార్జీలకు ప్రభుత్వమిచ్చే సబ్సిడీ ఎందుకని అడిగింది ముస్లిం నాయకులే. ఆ డబ్బు ఆడపిల్లల చదువుకు పెట్టమన్నారు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ. పదేళ్ళలో దాన్ని తొలగించమని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది, 2018లోనే ఆగిపోయింది. డబ్బు ఒక్కటే కాదు, స్త్రీలకు తోడు దొరకడమూ ప్రయాసే. స్త్రీలకు శ్రేష్ఠమైన జిహాద్ హజ్ అని ప్రవక్త ఆయిషాకు చెప్పినట్టు బుఖారీ హదీసు ఉంది. అయినా మహ్రమ్ (భర్త లేదా పెళ్ళాడకూడని దగ్గరి బంధువు) తోడు లేకుండా నలభై అయిదేళ్ళు దాటిన స్త్రీలు నలుగురు కలిసి వెళ్ళే వీలు మన హజ్ కమిటీ యాత్రలో 2018లోనే వచ్చింది.

అలాగని ఒంటికి కష్టం తప్పిందని కాదు. 2024 జూన్‌లో మక్కాలో ఎండ యాభై డిగ్రీలు దాటింది. చనిపోయినవారు 1,301 మంది అని సౌదీ ప్రకటించింది. వారిలో ఎక్కువమంది అనుమతి పత్రం లేక, చలువ గుడారాలకు దూరమై, ఎండలో మైళ్ళు నడిచినవాళ్ళే. అనుమతి లేని హజ్ పాపమని సౌదీ ఉలమాలు అంతకు రెండు నెలల ముందే చెప్పి ఉన్నారు. ప్రయాసకు విధేయత తోడుండాలన్న ఆ తీర్పును కాదనలేం. కానీ అధికారిక ప్యాకేజీకి డబ్బు చాలకే వాళ్ళలో చాలామంది ఆ దారి పట్టారు. స్తోమత లేనివాడికి హజ్ విధే కాదన్న వెసులుబాటు, జీవితమంతా కాబా కోసం తపించినవాడికి ఓదార్పుగా వినిపించదు.