ఆల్బము

ఏలూరులో గాని తాడేపల్లిగూడెములో గాని ‘ఆల్బము’ అన్నంతనే మనకు స్ఫురించునది పెండ్లి ఫోటోల పుస్తకము; వచ్చిన చుట్టమునకు కాఫీతోపాటు ఒడిలో పెట్టు ఆ బరువైన గ్రంథమున పుటపుటకు నడుమ సాలెగూటి చారల పలుచని కాగితము గరగరలాడుచుండును. కొల్లేటి లంకలలో చెమ్మకు ఆ పుటలు ఒకదానికొకటి అంటుకొనిపోవుటయు నేనెఱుగుదును.

లాటినున ‘ఆల్బుస్’ అనగా తెలుపు. ప్రాచీన రోమునగరమున న్యాయాధిపతుల శాసనములను జనులెల్ల చదువుటకై వ్రాసి నిలిపిన తెల్లపూత పలకయే ‘ఆల్బుమ్’. పదునాఱవ శతాబ్దిని జర్మను విద్యార్థులు మిత్రులచేత చేవ్రాళ్లు పెట్టించుకొన్న పుస్తకమునకు ఆ పేరే సంక్రమించి, పిమ్మట ఛాయాచిత్రములకును, పాటల రికార్డులకును ప్రాకినది.

ఫ్రెంచివారు బొమ్మల కథల పుస్తకమును సైతము ఆల్బమందురు. బొమ్మలకథకు వారి భాషలో ‘బాంద్ దెసినే’, అనగా గీసిన పట్టీ, అని పేరు; పత్రికలో వారమువారము వెలువడిన పట్టీలు గట్టి అట్టతో, తఱచుగా 48 పుటలతో, ఒకచోట కూడినచో అది ఆల్బము. 1929లో టిన్‌టిన్, 1959లో ఆస్టెరిక్స్ అను బొమ్మలకథల నాయకులు ఇట్లు పత్రికలలో పుట్టినవారే. 2023లో వెలువడిన ఆస్టెరిక్సు 40వ ఆల్బము పేరు ‘తెల్ల ఐరిస్’; మూలార్థము తెలిసినవానికి ‘తెల్లపలకపై తెల్లపువ్వు’ వలె తోచి నవ్వు వచ్చును. 2025 అక్టోబరున వచ్చిన 41వ దానిలో నాయకులు లుసిటానియాకు, అనగా నేటి పోర్చుగల్ వైపునకు, పోవుదురు.

మన వైపున మాత్రము ఆల్బము పెండ్లివారి సొత్తే. నరసాపురమున 1933లో పుట్టిన బాపు గీసిన బొమ్మలను చూచుచు ‘బొమ్మల పుస్తకము’ అని పిలిచిన పిల్లవానికి ఆ పరదేశి మాటతో పని లేకపోయెను.