అవ్వ మాట, మనవరాలి ఉత్తరం

2007లో నల్లగొండ స్త్రీల జ్ఞాపకాల కోసం ఈమెయిల్లో ప్రశ్నలు పంపడం మొదలుపెట్టాను. దాని వెనక సిద్ధాంతమేమీ లేదు, సెలవులూ డబ్బులూ లేకపోవడమే. సూర్యాపేట దగ్గరి ఊరి నుంచి అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన ఒక అవ్వ ఉండేది. పద్నాలుగేళ్లప్పుడు దళానికి అన్నం మోసిందట. పన్నెండు ప్రశ్నలు పంపాను. మనవరాలు చదివి వినిపించి, జవాబులు ఇంగ్లీషు అక్షరాల తెలుగులో కొట్టి పంపింది.

ఎంత శుభ్రమైన జవాబులో! 'మేము పోరాటానికి సహకరించాము' అని ఉంది. ఆ మాట అవ్వది కాదని చదవగానే తెలిసిపోయింది.

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. 1946-51 సాయుధ పోరాటంలోని స్త్రీల మాటల్ని టేపుల్లో వినిపించుకుని అచ్చేసిన పుస్తకం అది. మల్లు స్వరాజ్యం, చిట్యాల ఐలమ్మ లాంటివాళ్లు అందులో తమ గొంతుతోనే మాట్లాడతారు. నా దగ్గరున్నది మాత్రం గొంతు పోయిన కాగితం.

ఈమెయిల్ని పూర్తిగా తీసిపారేయలేను. మహబూబ్‌నగర్‌లో పాఠాలు చెప్పే ఒకామె ఎదురుగా కూర్చుంటే నోరు విప్పేది కాదు. ఆమె ఉత్తరాలు రాత్రి పదకొండు దాటాకే వచ్చేవి, ఇల్లంతా పడుకున్నాక. తల్లి గురించి పేజీలకు పేజీలు రాసింది. ఒకరోజు, 'నిన్నటి రెండో పేరా చెరిపెయ్యి అక్కా' అంది. చెరిపేశాను. చరిత్రకు నష్టమేనేమో. కానీ ఆ పేరా ఆమెది.

ఇక మేస్త్రీ వెంట వలసపోయే పాలమూరు కూలీ స్త్రీకి టైపు చేసిపెట్టే మనవరాలు ఎక్కడ దొరకాలి? నా ప్రశ్నలు ఎవరిదాకా వెళ్తాయో నేను ఎంచుకున్న పద్ధతే ముందుగా తేల్చేసింది.

చివరికి ఫోను చేశాను. "సహకరించుడేంది బిడ్డా? సద్ది మూట నెత్తిన పెట్టుకోని చీకట్ల నడిచిన. భయమైతే ఏడ్చిన" అంది అవ్వ. ఏడ్చిన సంగతి ఉత్తరంలో లేదు. నానమ్మ పరువు కాపాడాలనుకుంది పాపం ఆ పిల్ల.

1951లో పోరాటం విరమించాక ఏం చేశావవ్వా అని అడిగాను. చాలాసేపు ఏమీ వినపడలేదు, లైను తెగిందేమో అనుకున్నాను.

"వంట చేసిన" అంది.