ఊడ్పుల్లో ఉన్నారు, లెక్కల్లో లేరు

గోదావరి డెల్టా చరిత్ర అనగానే ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ దొర గుర్తొస్తారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట లేకపోతే గౌతమి పాయ ఒడ్డున కె.గంగవరం, కోటిపల్లి చుట్టూ ఇంత మాగాణి ఉండేది కాదు. ఒప్పుకోవలసిందే. అయితే కాలువ నీళ్లు తెస్తుందే గాని ఊడ్చదు. నీరెక్కిన ప్రతి చేనులోనూ ఊడ్పులకూ కలుపులకూ దిగింది ఆడకూలీలే. నీటితీరువాకు పైసాతో సహా లెక్క రాసిన దస్తరాలు వీళ్ల పని దగ్గరకొచ్చేసరికి నోరు మెదపవు. అంతకంటే విడ్డూరం, ఆ పని పెరిగిన కాలంలోనే అది కాగితం మీద తగ్గిపోవడం.

1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐఆర్-8 పండించి పేరు తెచ్చుకున్నాక పొట్టి వంగడాలు డెల్టా అంతా పాకాయి. ఎరువు వేస్తే వరితోపాటు కలుపూ ఏపుగా లేస్తుంది; సార్వా (తొలి పంట) కోతలవగానే దాళ్వాకు (రెండో పంటకు) మళ్లీ ఆకుమడి సిద్ధం కావాలి. ఎడమ చేతిలో ఆకుకట్ట, కుడిచేతి వేళ్లతో మూడు నాలుగు మొక్కలు విడదీసి బురదలో గుచ్చి, ఒక అడుగు వెనక్కి. మళ్లీ గుచ్చి, మళ్లీ వెనక్కి. పొద్దస్తమానం నీళ్లలో నానిన కాలివేళ్ల సందులు పాసి పుళ్లు పడతాయి, రాత్రికి నడుం పట్టేస్తుంది. ముట్టయినా, కడుపుతో ఉన్నా అదును ఆగదు. సరిగ్గా ఆ రోజుల్లోనే 1971 జనగణన ‘మీ ముఖ్యమైన పని ఏమిటి’ అని అడిగింది. వంట, పిల్లలు, పశువులు చూసుకుంటూ అదునులో కూలికెళ్లే మనిషి గృహిణిగా నమోదైంది. 1961లో దేశం మొత్తం మీద ఆరు కోట్లకు దగ్గరగా ఉన్న పనిచేసే ఆడవాళ్ల సంఖ్య ఇంచుమించు సగానికి పడిపోయింది.

అది నిర్వచనం మారడం వల్ల వచ్చిన తేడా, అందులో ఎవరి కుట్రా లేదనవచ్చు. నిజమే, కుట్ర అక్కర్లేదు. 1981లో ముఖ్య, ఉపాంత కార్మికులంటూ విడదీసి కొంత సరిదిద్దారు కూడా. కానీ చట్టాల చూపూ అలాగే ఉంది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం ఫ్యాక్టరీలకూ గనులకూ తోటలకూ వర్తించింది. తేయాకు కోసే ఆమెకు ప్రసవ సెలవుంది, వరి ఊడ్చే ఆమెకు లేదు. మగవాళ్ల దుక్కి బరువు పని, అందుకే వాళ్లకు కూలి ఎక్కువన్నది ఇంకో వాదన. నాగలి బరువు లాగింది ఎడ్లు. తర్వాత ట్రాక్టరొచ్చి ముందు తేలిక చేసింది కూడా మగవాళ్ల పనినే. 1976 సమాన వేతన చట్టం ఒకే రకమైన పనికి ఒకే కూలి అంది. ఊడ్పు ఆడవాళ్లదీ దుక్కి మగవాళ్లదీ అయిన ఊళ్లో దేన్ని దేనితో పోల్చాలి?

ఇప్పుడు నాటు యంత్రాలూ వెదజల్లు సాగూ వచ్చాయి. నడుముకు విశ్రాంతే, సందేహం లేదు. కానీ వాటితో పోయేది ఎవరి కూలి అన్నది కూడా లెక్క తేలాలి, ఆ లెక్కకు పాత పద్దు సగం ఖాళీగా ఉంది.